మెరుపు పోయిన బంతి

మలయాలో తెల్లవాళ్లు పెట్టిన ఎమర్జెన్సీ రోజుల్లో మా రబ్బరు తోట దొర నాకు ఒక్క క్రికెట్ మ్యాచ్‌లోనూ కొత్త బంతి ఇవ్వలేదు. అది తెల్లవాళ్లకే. మెరుపు పోయాకే గుమాస్తాలం వేయాలి. ఇక ఆట మానేస్తున్నానని దొరకు ఉత్తరం రాసి జేబులో పెట్టుకున్నాను.

మ్యాచ్‌కని క్లాంగ్ ఊరు వెళ్లే బస్సెక్కితే, దారిలో సోల్జర్లు ఆపారు. అడవిలోని తిరుగుబాటుదారులకు తిండి చేరకూడదని సంచులన్నీ వెతికేవారు. పక్క సీటు పెద్దాయన టిఫిన్ కేరియర్‌లో అరిగిన క్రికెట్ బంతి ఉంది.

"అన్నం తేనివ్వరు గదా, ఖాళీ ఎందుకని," అని తెలుగులో గొణిగాడు.

"ఏటి మావా, దీన్నే తింతావా?" అన్నాను.

"ముప్పై ఏళ్లుగా ఇదే తిండి లా," అన్నాడు, చివర మలయావాళ్ల 'లా' తగిలించి.

ఏడు తోటలకు బౌలింగ్ చేశాడట. ఇప్పుడు బడిపిల్లలకు నేర్పుతున్నాడు. నా గోడు చెప్పాను.

"నాకూ ఇవ్వలేదు బావూ. అందుకే పాతదాంతో ఏయడం నేర్సినాను. ఒక పక్కే రుద్దాల, అప్పుడు పాతదీ గాల్లో తిరుగుతాది," అంటూ బంతిని నా తెల్ల ప్యాంటుకే రుద్ది చూపించాడు. ఆ ఎర్ర మరక పోనేలేదు, అదీ నాకు గుర్తే.

ఉత్తరం ఇవ్వలేదు. దొరను ఇప్పటికీ క్షమించలేదు. మెర్డేకా, అదే మలయా స్వాతంత్ర్యం, వచ్చాక మా గుమాస్తాల్లో ఒకడే కెప్టెనై కొత్త బంతి నా చేతిలో పెట్టాడు. మెరుపు పోయాక ఇమ్మన్నాను.