ఖాళీవని చెప్పిన టేపులు

ఒక అబద్ధాన్ని చాలా ఏళ్లుగా మోస్తున్నాను. మోయగా మోయగా అలవాటవుతుందనుకున్నాను. కాలేదు. మీకు చెప్పేశాక మళ్లీ మింగలేను, అందుకే ముందు మీకే చెబుతున్నాను.

సూరత్‌లో ఒక చీరల కంపెనీ కంప్యూటర్లు చూసుకుంటాను. మా దగ్గర బీరువా అంత యంత్రం ఉంది. లోపలి ఇనుపచెయ్యి లేబుల్ చూసి టేపులు అందుకుంటుంది, కంపెనీ డిజైన్లన్నీ యంత్రం వాటి మీదికి నకలు తీస్తుంది. నిండిన టేపులు ఊరి బయట కడోదరాలో ఉన్న మా గోదాముకు పోతాయి. దాచాల్సిన గడువు తీరినవి తిరిగొస్తే, ఖాళీవని యంత్రానికి చెప్పి మళ్లీ వాడతాం. గోదాములో వాటిని చూసుకునేవాడు రాజమల్లు కాక. మరమగ్గాల మీద నడుము విరిగాక ఆ పనిలో చేరాడు.

తప్పు జరిగిన రోజు, మా తెలుగువాళ్లుండే ఉధ్నాలో బతుకమ్మ. కాక తెచ్చిన డబ్బాలో గడువు తీరినవీ, పాత డిజైన్ల కోసం మా యజమాని సేఠ్ తెప్పించినవీ కలిసే ఉన్నాయి. ఒక్కో లేబుల్ చూసి వేరుచేయాలి. ఇంట్లో నా కోసం చూస్తున్నారు. అన్నీ ఖాళీవేనని యంత్రానికి చెప్పేశాను. అది నాలా ఒళ్లు దాచుకునే రకం కాదు, చెప్పింది చెప్పినట్టు పాత డిజైన్ల మీద కొత్తవి రాసేసింది.

సేఠ్ అడిగితే, గోదాములో తడిసి పాడయ్యాయన్నాను. ఎందుకన్నాను? ఉద్యోగం పోతుందని భయం. కానీ భయపడ్డవాళ్లంతా తమ తప్పు తెచ్చి ఇంకొకరి మెడకు చుట్టరు కదా, నేను చుట్టాను. కాకను పనిలోంచి తీసేశారు.

వెళ్లేముందు నా దగ్గరికొచ్చాడు.

“సారూ, డబ్బా ఒళ్లె పెట్టుకొనే తెచ్చిన. యాడ తడిసిందో నాకైతే సమజ్ కాలే.”

“తేమ కంటికి కనబడదు కాకా.”

“గట్లనా. జర మాఫ్ చెయ్యి. నా వల్ల నీకు మాటొచ్చింది.”

నన్ను మాఫ్ చెయ్యమన్నాడు. నేనేం చేశాను? తలూపాను.

ఇప్పుడు ఎవరైనా సామాను అప్పగించబోతే కాక వద్దంటాడట, తన చేతిలో పెడితే పాడవుతుందని. ఆయన పని పోయినదానికన్నా నన్ను ఎక్కువ కాల్చేది ఇదే.

రేపు పొద్దున సేఠ్‌కి చెబుతాను. ఉద్యోగం ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. అక్కణ్నుంచి ఉధ్నా వెళ్లి, కాక ఇంటి ముందు నలుగురూ వినేలా చెబుతాను. ఆయన తిట్టినా, తలుపేసుకున్నా సరే, మాఫీ మాత్రం అడగను. అది ఒకసారి ఆయన చేత అడిగించుకున్నాను.

టేపులు తడవలేదు. నేనే చెరిపాను.