నూనె వేయని గడియారం

ధర్మవరంలో గడియారాలు బాగుచేసే రహంతుల్లా దగ్గరికి 1979 వేసవిలో జానెడు పొడవున్న ఒక స్టీలు గొట్టం వచ్చింది. తెచ్చినవాడు నరసింహప్ప. అనంతపురంలో భూమి లోపలి సంగతులు పరీక్షించే ఆఫీసులో సాధనాల బాధ్యత ఆయనది.

"ఉత్తరాది మంచుకొండల్లో మావాళ్ళు బోరు ఏసినారప్పా. నీళ్ళకు కాదు, కాకకు. అడుగున నీళ్ళు మసిలేదానికి రెట్టింపు వేడి ఉండాది. తీగకు కట్టి దీన్ని దింపుతారు. సగం దూరం పోయేసరికి లోపలి గడియారం నిలిచిపోతాంది."

గొట్టంలో గడియారం ఒక సన్నని ఇత్తడి రేకును మెల్లగా తిప్పుతుంది. వేడికి కదిలే ముల్లు ఆ రేకు మీద గీత గీస్తుంది. గడియారం ఆగితే ముల్లు ఒకచోటే గీకుతుంది. ఏ లోతులో ఎంత వేడి ఉందో ఎవరికీ తెలియదు.

రహంతుల్లా విప్పి చూశాడు. ఇరుసుల చుట్టూ నూనె మాడి బంకలా పట్టింది. గడియారానికి నూనె ప్రాణమని నేర్చుకున్న చేతులు అవి. అయినా చక్రాలన్నీ కడిగి, చుక్క నూనె లేకుండా పెన్సిల్ ములుకు పొడి అద్దాడు. వేడికి లోహం ఉబ్బుతుందని ఇరుసులకు కొంచెం వదులిచ్చాడు. పరీక్షకు ఇంట్లో బాండ్లి నిండా వేరుశనగ నూనె కాచి, మూత బిగించిన గొట్టాన్ని అందులో ముంచాడు.

"వానల్లేక శెనక్కాయే పండకపాయె, ఉన్న నూనె నీ గడియారానికి తాపుతావా?" అని భార్య మదీనాబీ గట్టిగా అరిచింది.

నూనె పొగలు కక్కింది. గొట్టం తీసి విప్పితే గడియారం ఆడుతోంది. "నూనె వేయవద్దు" అని చీటీ రాసి గొట్టానికి చుట్టి పంపాడు.

ఐదు నెలలకు అది తిరిగొచ్చింది. నిలిచిపోయిందట. ఎంతసేపు ఆడింది, ఎంత లోతులో ఆగింది, ఏమీ రాయలేదు. విప్పేవాళ్ళు లోపలంతా శుభ్రంగా తుడిచి మరీ పంపారు. "తుడవొద్దని చెప్పండి సార్, ఆ మురికిలోనే ఉండాది జవాబు" అని రహంతుల్లా నరసింహప్పను బతిమాలాడు. మళ్ళీ బాగుచేసి పంపాడు. మళ్ళీ ఆరు నెలలకు అదే మాట. తన పనితనం మీదే అతనికి అనుమానం పుట్టింది. దుకాణానికి వచ్చినవాళ్ళ మీద ఊరికే విసుక్కునేవాడు.

మరో ఏడాదికి మూడోసారి తిరిగొచ్చినప్పుడు మాత్రం ఎవరూ తుడవలేదు. కంటికి భూతద్దం బిగించుకుని చూస్తే ఇరుసుల మీద అదే గోధుమరంగు బంక!

"ఎవరేసినారు సార్ దీనికి నూనె?"

నరసింహప్ప నసిగాడు. "దింపేముందు ఏసేది వాళ్ళకు అలవాటప్పా."

"నేను చీటీ రాసినా కదా!"

"తెలుగులో రాసినావు. ఆడ తెలుగు చదివేవాళ్ళు యాడుండారు?"

రెండేళ్ళు! చదవడం రాకపోతే ఎవరినైనా అడగవచ్చు కదా? ఈ మనిషైనా చెప్పవచ్చు కదా? ఈసారి నరసింహప్ప చేత హిందీలోనూ ఇంగ్లీషులోనూ చీటీ రాయించి, మూత మీద లక్కతో అతికించి మరీ పంపాడు.

1982లో నరసింహప్ప ఇత్తడి రేకు తెచ్చి చూపించాడు. గీత ఎక్కడా తెగలేదు. మెట్లుమెట్లుగా పైకెక్కి, అడుగున నిలకడగా సాగింది.

"ఎంత కాక సార్?"

"నూట తొంభై నాలుగు డిగ్రీలు. కానీ వచ్చే ఏడు నుంచి గడియారాలు దింపరంట. కరెంటుతో చదివే సాధనం వస్తాంది."

"మొదటిసారే నా మాట విన్నింటే మూడేండ్లు ఆడుండె కదా సార్ ఇది?"

నరసింహప్ప రేకు కోసం చెయ్యి చాచాడు.

"ఈ రేకు నాకిస్తారా?"

"ఫైల్లో పెట్టల్లప్పా."

రహంతుల్లా రేకును ఇంకోసారి వెలుతురుకు పట్టి చూసి, ఇచ్చేశాడు. ఆ పూట దుకాణం పెందలాడే మూసి ఇంటికి పోయాడు.

"ఆడిందా?" అని మదీనాబీ అడిగింది.

"ఆడింది" అన్నాడు కోపంగా.


ఆమెకు ఆ కోపం అర్థం కాలేదు. ఆడితే సంతోషపడాలి కదా అనుకుంటూ అన్నం వడ్డించింది.