రెండు తెరల ఫోనుకు మొదటి కాల్

హనుమకొండ చౌరస్తా దగ్గర మా బామ్మర్దికి సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. కొత్త రకం ఏది వచ్చినా, సరుకు తెప్పించే ముందు డీలర్ చూడమని ఇచ్చిన ఫోనును మా ఇంటికి తెచ్చేవాడు. దాన్నుంచి మొదటి కాల్ నా భార్య చేయాలి. తమ్ముడు గేటు బయట నిలబడేవాడు, ఆమె వంటింట్లోంచి మాట్లాడేది. ఏ ఫోనుకైనా ఆమె తీర్పు ఒకటే: "మంచిగున్నది తమ్మీ." అక్క చెయ్యి మంచిదని అతని నమ్మకం.

ఆమె పోయి ఎనిమిది నెలలైంది. మొన్న ఆదివారం పొద్దున అతను ఒక ఫోను పట్టుకొచ్చి నా ముందు పెట్టాడు.

"జర చూడు బావా. రెండు తెరలు. మడత పెట్టొచ్చు. పెట్టెడు ఫోన్లు తీసుకుంటనో లేదో మాపటికల్లా డీలర్‌కు చెప్పాలె."

తెరిచాను. రెండు అద్దాలు, మధ్యలో కీలు. ఒక వార్త చదవబోతే వాక్యం ఎడమ అద్దం మీద మొదలై, కీలు దాటి, కుడి అద్దం మీద ముగిసింది. మధ్యలో ఒక అక్షరం ఎటు పోయిందో తెలియలేదు. చాలా పుస్తకాలు చదివాను గానీ, అక్షరాలను మింగే పుస్తకం నేను చూడలేదు.

"ఒకదాంట్ల సినిమా పెట్టుకోవచ్చు, ఇంకోదాంట్ల మెసేజ్ కొట్టుకోవచ్చు" అన్నాడు.

"చూసేటోడు ఒక్కడే గదా?"

"నువ్వు గిట్లనే అంటవని తెలుసు."

"మన తలుపు కీలుకే నూనె పొయ్యకపోతే కిర్రుమంటది. దీనికేం పోస్తవ్? నీ గిరాకీలు బండి మీద పోతూ ఫోన్ హెల్మెట్‌ల ఇరికిచ్చుకొని మాట్లాడుతరు. ఇది అండ్ల పడుతదా?"

అతను నిజంగానే హెల్మెట్ తెచ్చి, తలకు పెట్టుకుని, ఫోను చెవి దగ్గర దూర్చబోయాడు. మడిస్తే ఫోను లావు, విప్పితే వెడల్పు. ఫోను తెరిచే బల్ల మీద పెట్టి హెల్మెట్ పైకి లాగబోతే అది చెవుల దగ్గర ఆగిపోయింది. పక్క గదిలోంచి అతని తల్లి, మా అత్తమ్మ, వచ్చింది. "ఇంట్ల టోపీ ఎందుకురా?" అంటూ కూర్చుని, బల్ల మీద ఉన్నది కళ్లద్దాల డబ్బా అనుకుని, తన అద్దాలు అందులో పెట్టి మూయబోయింది.

"అమ్మా! ముయ్యకు! పలుగుతది!" అతను హెల్మెట్‌తోనే దూకాడు.

"గింత చిన్న డబ్బా ఎవడు చేసిండు? అద్దాల పుల్లలు పడ్తలేవు" అని ఆమె విసుక్కుంది.

విషయం తేలిపోయిందనుకున్నాను. "వద్దని చెప్పు" అన్నాను.

అతను హెల్మెట్ ఊడదీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "అక్క ఉంటే మంచిగున్నది అనేది."

"అక్క మంచిగున్నయన్న ఫోన్లన్నీ అమ్ముడుపోయినయా?"

"ఏడ పోయినయ్ బావా! సగం మూలకు వడ్డయ్. ఒకటైతే జేబుల పెట్టుకుంటే తొడ కాలేది." నవ్వాడు. "గని ఆమె అన్నంక నాకు ఫికర్ ఉండకపోతుండె. ఇప్పుడు ఏం తెప్పియ్యాలన్నా చెయ్యి ఆడ్తలేదు. దుకాణంల అన్నీ పాతయే. గిరాకీలు చూసి పోతాన్రు. దీన్నుంచి మొదటి కాల్ నువ్వన్న చెయ్యి."

ఎనిమిది నెలలుగా దుకాణం ఎలా నడుస్తోందని నేను అడగనే లేదు.

సంవత్సరీకం కాకుండా నా చేత్తో కొత్త పని మొదలుపెట్టడం మా వాళ్లలో లేదు. ఆ మాటే అన్నాను. తప్పించుకోవడానికి మంచి సాకు కూడా. అత్తమ్మ వైపు చూశాను. ఇలాంటి పట్టింపులు ఆమెకే ఎక్కువ.

"పోయింది నా బిడ్డ. నేనే సరే అనంగ మీకేంది అల్లుడా? లేచి వంటింట్లకు పోన్రి."

పోయాను. అతను గేటు బయటికి వెళ్లాడు. ఏ అద్దంలో మాట్లాడాలో తెలియక రెండింట్లోనూ మాట్లాడాను.

"ఇనవడ్తాందా?"

"మంచిగ ఇనవడ్తాంది బావా!"

ఆ మాట ఫోన్‌లోంచి కాదు, కిటికీలోంచి వచ్చింది. వెనకే వచ్చిన అత్తమ్మ నా చేతిలోని ఫోనును తీసి తలకిందులు చేసి ఇచ్చింది. అప్పుడు అతని ఊపిరి చెవిలో వినిపించింది.

మంచిగున్నదని నా నోట రాలేదు. "ఇది నడవదు" అన్నాను. "పెట్టె వద్దు. రెండు తెప్పియ్యి, చాలు. వేరే కొత్తయి ఏమున్నయో అవి గూడ ఇంటికి తీసుకరా. అన్నిట్లకెళ్లి నేను కాల్ చేస్త."

"అన్నీ వద్దనే అంటవ్ నువ్వు."

"అంట. నువ్వు తీసుకరా."

బుధవారం మూడు రకాలు తెచ్చాడు. మూడింట్లోంచీ కాల్ చేసి, రెండు వద్దన్నాను. మూడూ దుకాణంలో పెట్టాడు.