ఇరవై ఆరు నట్లకు బొట్టు

మొగల్తూరు దగ్గర రొయ్యల చెరువు మీద నేను హెడ్డు మార్చిన జనరేటరు ఇంజను పన్నెండు సిలిండర్లదని అయిదారేళ్లుగా అందరికీ చెబుతున్నాను. ఆరు సిలిండర్లదే. ఇంజనులోకి గాలి తోసే టర్బో ఉన్నమాట మాత్రం నిజం.

ఆ ఊరి ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయి రెండు రోజులైంది. కరెంటు లేక రాత్రింబవళ్లు జనరేటరు మీదే ఏరియేటర్లు తిప్పుతుంటే, ఇంజనులో నీళ్లు మరిగి, పైన మూతలా ఉండే హెడ్డు పగిలింది. మబ్బు పట్టిన రోజు. ఆ గాలి చక్రాలు తిరక్కపోతే చెరువులో రొయ్యలకు ఊపిరి ఉండదు. నేను వెళ్లేసరికే కొన్ని గట్టు వారకు చేరి మీసాలు పైకెత్తుతున్నాయి. రైతు నలభై ఏళ్లవాడు, గట్టు మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"మేస్త్రిగారూ, పొద్దుగూకేలోపు అవుద్దాండి?"

"కాఫీ తాగేలోపు అవుద్ది" అన్నాను. అది నా నోటి జబ్బు.

తణుకు నుంచి బాగు చేయించిన హెడ్డు ఆటోలో వచ్చింది. పాతది ఎత్తి, టర్బో నోట్లో ఇసుక పడకుండా గుడ్డ కుక్కి, సందుల్లోంచి గాలి, నీళ్లు పోకుండా గాస్కెట్ పరిచి, వచ్చిన హెడ్డు దించాను. గాస్కెట్ ఒక్కటే ఉంది. ఇంజనులోంచి నిలువుగా లేచిన స్టడ్ల మీద ఇరవై ఆరు నట్లు. నడిమధ్య నుంచి చివరలకు వరసగా మూడు విడతలు బిగించాలి. రెండు విడతలు టార్క్ రెంచ్‌తో, సరిపడా బిగువు రాగానే అది టిక్కుమంటుంది. మూడో విడత ఒక్కో నట్టునూ సరిగ్గా పావు చుట్టు తిప్పాలి. ఒక నట్టును రెండుసార్లు తిప్పితే స్టడ్డు సాగి తెగుతుంది. ఒకటి వదిలేస్తే, టర్బో తోసే గాలికి గాస్కెట్ అక్కడే పేలుతుంది. అందుకని తిప్పిన నట్టుకల్లా గుర్తు పెట్టాలి. నా రంగుపెన్ను ఎండిపోయింది. షెడ్డులో దేవుడి పటం దగ్గరున్న కుంకుమ భరిణె తీసుకుని, తిప్పిన నట్టుకల్లా వేలితో బొట్టు పెట్టుకుంటూ పోయాను.

సగం అయ్యాక ఫోను వచ్చిందని లేచానని చెబుతుంటాను. ఫోనూ లేదు, పాడూ లేదు. గట్టు మీద నలుగురు కూర్చుని చూస్తున్నారు. కాకినాడ రేవులో ఓడ ఇంజను విప్పిన కథ వాళ్లకు చెప్పాలనిపించింది. ఆ ఓడ కూడా చేపల బోటే.

కథ ముగించి తిరిగి వచ్చాను. ఇరవై ఆరు నట్లకూ బొట్లున్నాయి.

కథలో పడి ఏ నట్టు దగ్గర ఆపానో మరిచిపోయాను. రైతు తల్లి పక్కనే నిలబడి భరిణె మూత పెడుతోంది.

"అమ్మగారూ, ఇవి మీరు పెట్టారా?"

"సగం పెట్టి వెళ్లిపోయావు కదయ్యా. కొత్త హెడ్డు, సగం బొట్టుతో వదిలేస్తామా ఏంటి? మిగతావాటికి నేను పెట్టాను."

రైతు నా మొహం చూశాడు. "ఏంటండి, ఏమైంది?"

"ఏం లేదు, చెయ్యి పెట్టి చూస్తే తెలిసిపోద్ది నాకు" అన్నాను.

తెలియలేదు. రెంచ్ వేసి నాలుగు చూశాను. కొత్త నూనె రాసిన స్టడ్లు, ఒక్కోటి ఒక్కోలా పలికింది. రెండింటి మీద అనుమానం అనుమానంగానే ఉండిపోయింది. అన్నీ ఊడదీసి మొదలుపెడదామంటే నలిగిన గాస్కెట్ రెండోసారి పట్టదు. మరొకటి భీమవరం నుంచి రావాలి. గట్టు వారన పైకి లేచిన మీసాలు ఇంకా ఎక్కువయ్యాయి. రెంచ్‌ను ఒక నట్టు మీద పెట్టి, తిప్పకుండానే తీసి, ఇంకోదాని మీద పెట్టాను.

ఆవిడ నా చేతుల వంకే చూసింది. కొడుకుకు వినపడకుండా అడిగింది.

"నువ్వు పెట్టినవేవో, నేను పెట్టినవేవో తెలియాలా?"

తలూపాను.

"పసుపు పెట్టకుండా కుంకుమ పెడతారా ఎవరైనా? నీ బొట్టు మీద నేను చెయ్యి వెయ్యలేదు. నావి గీకి చూడు."

గోరుతో ఒక బొట్టు గీకాను. కుంకుమ కింద పసుపు. పక్కదాన్ని గీకాను. కుంకుమ కింద ఇనుము. ఒక్కొక్కటే గీకుతూ పోతే పసుపు ఉన్నవి పన్నెండు, లేనివి పద్నాలుగు. పన్నెండింటినీ పావు చుట్టు తిప్పాను. ఈసారి ఒక్క మాట మాట్లాడలేదు. టర్బో గొట్టాలు బిగించి, నీళ్లు పోసి, తాళం తిప్పాను. రెండుసార్లు దగ్గింది. మూడోసారి పట్టింది. గాస్కెట్ అంచు వెంట చెవి పెట్టి విన్నాను, ఎక్కడా బుసకొట్టలేదు. పడమట ఎర్రదనం పోకముందే చక్రాలు చెరువులో నురగ లేపాయి. గట్టు వారన ఉన్నవి కొన్ని లేవలేదు. మిగతావి మెల్లగా లోపలికి జరిగాయి.

రైతు నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. "చేత్తో తాకి ఎలా కనిపెట్టారండి?"

"అనుభవం బాబూ" అన్నాను.

ఆవిడ అక్కడే ఉంది. నా మాట కాదనలేదు. కొంగుతో భరిణె తుడుచుకుంటూ, "ఈసారి వచ్చేటప్పుడు నీ రంగు నువ్వు తెచ్చుకో" అని లోపలికి వెళ్లిపోయింది.

ఇప్పుడు నా సంచిలో రెండు రంగుపెన్నులుంటాయి. ఒకటి పసుపుది.