కుప్పమీయులు

యుద్ధకాలంలో మదనపల్లె నుండి కుప్పానికి పెట్రోలు కరువై బొగ్గుతో నడిచే బస్సులో వెళుతుండగా నా ప్రక్కన ఒక యువ బోధకుడు కూర్చున్నాడు. మరునాడు కుప్పంలో ఆయన తొలి ప్రసంగం. వినడానికి ఎవరూ రారేమోనని చుట్టూ కూర్చున్న మాతో చెప్పుకొని దిగులుపడ్డాడు. బస్సు పుంగనూరులో ఆగినప్పుడు, "కొరింథీయులకు వ్రాసిన పత్రిక" అంటూ బైబిలును పైకి చదువుకొన్నాడు.

ఎదుట కూర్చున్న అవ్వ మేకలు కాచుకొని బ్రతికే కుప్పం మనిషి. "కొరింథీయులంటే యే కులమప్పా?" అని అడిగింది.

"కులం కాదమ్మా, కొరింథు ఊరోళ్ళు. ఆ ఊరోళ్ళను బైబిల్లో అట్లే అంటారు, ఇది వాళ్ళకు రాసిన జాబు."

నేను వ్యాకరణాభిమానంతో, "ఆ విధంగా మీరు కుప్పమీయులు" అన్నాను.

అవ్వ పకపక నవ్వింది. "అట్ల పిలిస్తే మా మేకలు గూడా తిరిగి సూడవు సామీ!" అని, మళ్ళీ బోధకుణ్ణి అడిగింది: "ఊరందరికీ ఒకటే జాబా? ఊరి బయట వాడోళ్ళకు వేరేగా రాయల్యా?"

"లేదమ్మా, అందరికీ కలిపి ఒకటే."

"అందరినీ ఒకసోట కూసోబెట్టి సదివినారా?"

"అట్లే సదివినారు."

"అయితే రేపు మా వాడంతా వస్తాం. ముందరే కూసుంటాం, సూసుకో!"

బోధకుని ముఖం వికసించింది. మరునాడు కుతూహలం కొద్దీ నేనూ వెళ్ళాను. నాకు చివరి వరుసలోనే చోటు దొరికింది.