తలకట్టు లేని ‘గ’

నా చిన్నప్పుడు ఆళ్లగడ్డ బడిలో నేను పరదేశం నుంచి వచ్చిన విద్యార్థిని. అయితే అప్పట్లో ఎవరూ అంత గౌరవంగా అనలేదు, ‘బర్మా పిల్ల’ అన్నారు. మా నాయన రంగూన్‌లో దర్జీ పని చేసేవాడు. అక్కడ మనవాళ్లకు బతుకు జరగని రోజులు వచ్చాక, ఓడెక్కి మద్రాసులో దిగి, ఆయన పుట్టిన సీమకే తిరిగి వచ్చాం. నాకప్పుడు పదేళ్లు. ఇంట్లో తెలుగు వింటూ పెరిగాను గానీ నా చదువూ, ఆటా, స్నేహితులతో పోట్లాటా అన్నీ బర్మా భాషలోనే జరిగాయి.

బడిలో చేర్పించే రోజు నాయన నా పాత బడి కాగితాన్ని గుడ్డలో చుట్టి తెచ్చాడు. తరగతిలో నేనే మొదటిదాన్నని అందులో రాసి ఉంది. హెడ్మాస్టరు గారు దాన్ని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూశారు. ఆయన చెడ్డవారు కాదు. చదవలేకపోతున్నానని చెప్పడానికి మొహమాటపడి ఉంటారు.

“తెలుగు అచ్చరం ముక్క రాదు గదప్పా. ఒకటో తరగతిలో కూచోబెడదాం” అన్నారు.

నాయన చేతులు కట్టుకుని తలూపాడు. ఆ రోజంతా నా మోకాలెత్తు పిల్లల మధ్య కూర్చున్నాను. దాహమేస్తే నీళ్లు ఎక్కడుంటాయో తెలియదు. అడిగితే నా యాసకు నవ్వుతారని అడగలేదు. ఇంటికి వచ్చి, ఇక బడికి పోనని చెప్పేశాను. అమ్మ బతిమాలింది, నాయన కోప్పడ్డాడు. చివరికి, పోకపోతే తనతోపాటు శెనక్కాయలు ఒలిచే పనికి రమ్మంది అమ్మ. దానికే సిద్ధపడ్డాను.

పక్కింట్లో తాళాలు బాగుచేసే సాయిబు గారి కుటుంబం ఉండేది. వాళ్ల పెద్దమ్మాయిని అక్కా అనేదాన్ని. ఐదు వరకు ఆ బడిలోనే చదివి మానేసి, ఇంట్లో రవికలు కుట్టేది. ఆదివారం పొద్దున ఆమె మా గుమ్మంలోకి వచ్చి, “ఏందే పిల్లా, బడికి పోనంటాండావంట? రా, ఈ పొద్దు ఆడ ఎవరూ ఉండరు. ఊరికే చూసొద్దాం” అంది.

ఎవరూ లేని బడి నాకు వేరే చోటులా కనిపించింది. అక్క ముందుగా నీళ్ల కుండ చూపించింది. తర్వాత ఆడపిల్లలు వెళ్లే మరుగు, ఎండ పడని అరుగు. ఏ సారు అరుస్తాడు గానీ కొట్టడో, ఏ సారు నవ్వుతూనే కొడతాడో చెప్పింది. తను చేరిన మొదటి రోజు, ఇంట్లో ఉర్దూ తప్ప తెలియక, సారు సుద్ద తెమ్మంటే చెంబు తెచ్చి ఇచ్చిందట.

ఆ తర్వాత నన్ను వరండాలోని నల్లబల్ల దగ్గర నిలబెట్టి, తను నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

“ఇప్పుడు నువ్వే సారు. మీ అచ్చరాలు నాకు చెప్పు” అంది.

నేను గుండ్రంగా ఒక సున్న చుట్టాను. అది మా ‘వ’. “అయ్యో, మా సున్నను మీరు ఎత్తుకపోయినారే!” అంది అక్క. తర్వాత ‘గ’ రాశాను. అడుగున తెరిచిన గుండ్రం, అంతే. అక్క లేచి వచ్చి దాన్ని చూసి రాస్తూ, అలవాటు కొద్దీ పైన తలకట్టు పెట్టేసింది. తప్పన్నాను. చెరిపి మళ్లీ రాసింది, మళ్లీ తలకట్టు పడింది. మూడోసారి కూడా పడేసరికి నాకు నవ్వు ఆగలేదు. ఆ ఊరొచ్చాక నేను నవ్వడం అదే మొదలు. అది అలవాటు వల్ల పడిందో, కావాలని పెట్టిందో నాకు ఇప్పటికీ తెలియదు.

అక్క సుద్ద నా చేతికిచ్చింది. “సూడు, తప్పు రాస్తే నువ్వు నగినావ్, నేను సచ్చిపోతినా? రేపు నువ్వూ తప్పు రాయి. నగేటోళ్లు నగుతారు. తలకట్టు పెట్టేది నేర్చుకుంటే సగం తెలుగు వచ్చినట్టే పో.”

సోమవారం వెళ్లి ఆ చిన్నపిల్లల మధ్యే కూర్చున్నాను. సాయంత్రాలు అక్క మిషను పక్కన పలక పెట్టుకునేదాన్ని. దసరాకు మూడో తరగతికి, మరుసటి ఏడు ఐదుకు చేరాను. ఆ వేసవిలోనే అక్కకు నందికొట్కూరు సంబంధం కుదిరింది. పెళ్లయి వెళ్తూ బస్సు కిటికీలోంచి ఏదో చెప్పింది, మోతలో వినపడలేదు. ఆ తర్వాత కొన్నాళ్లకు వాళ్ల నాయన కూడా ఇల్లు ఖాళీ చేశాడు.

నేను పంతులమ్మనయ్యాక రెండుసార్లు నందికొట్కూరు వెళ్లి, కుట్టుమిషను చప్పుడు వినిపించిన ప్రతి ఇంటి ముందూ ఆగి అడిగాను. ఎవరికీ తెలియదు.

ఉద్యోగం ముగిసి ఇప్పుడు నంద్యాలలో ఉంటున్నాను. ఇక్కడి ఒక కాలేజీకి ఏటా వేరే దేశాల పిల్లలు వస్తారు. అక్కడ పనిచేసే నా పాత శిష్యుడు, వాళ్లు చేరే రోజున నన్ను తోడుకు పిలుస్తాడు. మొన్న టాంజానియా అమ్మాయి ఒకతె, ఏ కోర్సులు ఎంచుకోవాలో తెలియక, గుమాస్తా విసుగుకు బెదిరి, ఫారం పట్టుకుని గోడవైపు తిరిగి నిలబడింది. పక్కకు తీసుకెళ్లి మంచినీళ్లిచ్చి, మీ భాషలో ఇంటిని ఏమంటారని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాను. ‘న్యుంబా’ అంది. నేను ‘నుబ్బా’ అన్నాను. దిద్దింది. మళ్లీ తప్పే పలికాను. ఫారం మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ తర్వాతే ఇద్దరం కూర్చుని కోర్సుల పేర్లు ఒక్కొక్కటే నింపాం.

బర్మా మాటలు చాలా మరచిపోయాను. అక్క ముఖం కూడా మసకబారింది. కొత్తగా వచ్చినవాళ్ల ముందు మొదటి తప్పు మనమే చేయాలన్నది మాత్రం పోలేదు. అలా చేసిన ప్రతిసారీ, ఆమె ఎక్కడో ఒకచోట బతికే ఉండి, ఈ సంగతి ఎవరైనా ఆమెకు చెబితే బాగుండునని అనిపిస్తుంది.