ముసురులో తెల్లబోయిన కారు

నా చిన్నప్పటి మధురానగర్‌లో కారున్న ఇళ్ళు చాలా తక్కువ. మా నాన్న అమీర్‌పేట దాకా నడిచి, అక్కడ బస్సెక్కి ఆఫీసుకు వెళ్ళేవారు. మేము అద్దెకుండే ఇంటికి పోర్టికో ఉండేది గానీ, అందులో నాన్న పాత సైకిలూ, వానాకాలంలో అమ్మ ఆరేసే బట్టలూ తప్ప ఇంకేం ఉండేవి కావు. నాకు పదేళ్ళప్పుడు, శ్రావణం ముసురులో, అక్కడికి ఒక కారు వచ్చి ఆగింది.

అది మా చిన్న మామయ్యది. అమ్మకు ఆఖరి తమ్ముడు. ఆయన పనిచేసే ఫ్యాక్టరీ మూతపడి అప్పటికి ఆరు నెలలు. అప్పటి నుంచీ మా ఇంట్లోనే ఉంటున్నాడు. డ్రైవింగ్ వచ్చు కాబట్టి, ఎక్కడో వెతికి ఒక పాత కారు కొన్నాడు. పంజాగుట్టలో ఒక డాక్టరమ్మ గారు రోజూ తనను ఆసుపత్రికి తీసుకెళ్ళి తీసుకురావడానికి కారూ డ్రైవరూ కావాలంటున్నారని తెలిసి, తీసుకెళ్ళి చూపించాడు. ఆవిడ కారు చుట్టూ ఒకసారి తిరిగి, ఇంజన్ సంగతి ఎలా ఉన్నా, ఈ రంగుతో మాత్రం ఆసుపత్రి గేటు దాటి లోపలికి వెళ్ళలేనన్నారట. సోమవారం నాటికి రంగు వేయించి తెస్తే పని మీకే అన్నారట. కార్లకు రంగు వేసే షెడ్డు వాళ్ళేమో, ముసురు పట్టింది, పదిహేను రోజులు ఆగమన్నారు.

మామయ్య ఆగలేదు. ఫ్యాక్టరీలో ఉన్నప్పుడు మిషన్ల మూతలకు స్ప్రే కొట్టిన అనుభవం ఉంది ఆయనకు. పాత స్నేహితుడి దగ్గర కంప్రెసరూ స్ప్రే గన్నూ అడిగి తెచ్చాడు. రెండు రోజులు కూర్చుని పాత రంగు గీకాడు, తుప్పు తీశాడు, పుట్టీ పెట్టాడు. గరుకు కాగితం అందించడం నా పని. ఆ రెండు రోజులూ ఆయన మళ్ళీ కూనిరాగాలు తీయడం చూసి అమ్మ వంటింట్లో నవ్వుకోవడం నాకు గుర్తుంది.

శనివారం ఉదయం పోర్టికోకు మూడు వైపులా టార్పాలిన్ పట్టాలు కట్టాడు. జల్లు ఆగడం లేదు. చెవులు చల్లబడేంత చలి. రంగు కలుపుతూ నాతో, "నేల మీద దుమ్ము లేవకుండా ఒక చెంబెడు నీళ్ళు చల్లమ్మా" అన్నాడు. నాకు ఆ పని ఎంతో గొప్పగా అనిపించింది. చెంబు చాలదనిపించింది. నాలుగు బకెట్లు పోశాను. కారు కింద చిన్న మడుగులా నిలిచింది. మామయ్య రంగు డబ్బా మీద నుంచి తలెత్తలేదు.

ముదురు నీలం రంగు. గన్ను నుంచి సన్నగా పడుతుంటే కారు తడిగా, కొత్తగా మెరిసింది. నేనూ అమ్మా గుమ్మంలో నిలబడి చూశాం. పది నిమిషాలు కూడా కాలేదు. బానెట్ మీద ఒకచోట పాలు చిలకరించినట్టు తెల్లటి పొర కనిపించింది. చూస్తుండగానే తలుపులకూ పైకప్పుకూ పాకింది. మామయ్య గుడ్డతో తుడిచాడు. పోలేదు. దాని మీదే మళ్ళీ రంగు కొట్టాడు. అదీ కాసేపటికి తెల్లబడింది. ఆయన గన్ను కింద పెట్టి, మెట్టు మీద కూర్చుని, చేతులకంటిన రంగు వైపే చూస్తూ ఉండిపోయాడు.

ఆ మధ్యాహ్నం నాకు ఏమీ అర్థం కాలేదు. మడుగు ఇంకా అక్కడే ఉంది. అమ్మ దగ్గరికి వెళ్ళి, నీళ్ళు ఎక్కువ పోశాను, అందుకే ఇలా అయిందా అని అడిగాను. అమ్మ బియ్యం ఏరుతూ తల కూడా ఎత్తకుండా, "నీ వల్ల కాదులే, వెళ్ళి ఆడుకో" అంది. మా దగ్గరే ఉండే అమ్మమ్మ మాత్రం వీధిలో అందరూ చూశారు, దిష్టి తగిలింది అంది. నాన్న వాన వల్ల అన్నారు. మామయ్యేమో రంగు కల్తీది అయి ఉంటుంది అన్నాడు. ఒక్క కారుకు ఇన్ని కారణాలు ఎలా ఉంటాయో నాకు తెలియలేదు. నా వల్ల కాదని అమ్మ అంత తొందరగా ఎందుకంది? కాకపోతే నాకెందుకు భయం వేస్తోంది? ఒకసారి నాదే తప్పనిపించేది, ఇంకోసారి నాదేమీ లేదనిపించేది. రెండింటిలో ఏది నిజమైనా ఫర్వాలేదు, ఎవరైనా గట్టిగా ఒకటి చెబితే బాగుండు అనుకున్నాను.

ఆదివారం పొద్దున్న నాన్న ఎస్.ఆర్. నగర్ వెళ్ళి ఒక పెద్దాయన్ని వెంటబెట్టుకొచ్చారు. షెడ్లలో ముప్పై ఏళ్ళు కార్లకు రంగులు వేసిన మనిషి. తెల్లగడ్డం, గోళ్ళ చుట్టూ ఎప్పటికీ పోని రంగు. ఆయన కారు మీద వేలు రాసి చూశాడు. రంగు డబ్బా వాసన చూసి, "మాల్ మంచిదే ఉన్నది" అన్నాడు. తరువాత వంగి కారు కిందకు చూశాడు.

"గిన్ని నీళ్ళు ఎవరు పోసిన్రు?"

నేను నోరు తెరిచేలోపే మామయ్య, "నేనే పోశాను భాయ్, దుమ్ము లేవకుండా" అన్నాడు.

నేను మామయ్య ముఖం వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు. అంటే ఆయనకు తెలుసు. నిన్నటి నుంచీ తెలుసు. తెలిసీ రంగు కల్తీ అన్నాడు. నన్ను కాపాడుతున్నాడని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం నాకు ఒకటే అనిపించింది. నా తప్పు ఇంకొకరి నోట్లో ఉండిపోయింది.

"మామయ్య కాదు తాతా, నేను పోశాను. నాలుగు బకెట్లు" అన్నాను. ఏడుపొచ్చేసింది. "నా వల్లేనా ఇలా అయింది?"

అమ్మ గుమ్మంలో నుంచి ఏదో అనబోయింది. పెద్దాయన చెయ్యెత్తి ఆపి, ఇంట్లో నుంచి చిన్న అద్దం తెమ్మన్నాడు. నాన్న గడ్డం గీసుకునే అద్దం తెచ్చాను. దాని మీద ఊదమన్నాడు. ఊదాను. తెల్లగా మసకేసింది. తరువాత వంటింట్లో బొగ్గుల కుంపటి దగ్గర అద్దాన్ని వెచ్చబెట్టి తెచ్చి మళ్ళీ ఊదమన్నాడు. ఈసారి మసక రాలేదు.

"చూసినవా బిడ్డా. రంగు ఆరేటప్పుడు రేకు చల్లవడ్తది. గాలిల ఉన్న తేమ పోయి దాని మీద కూసుంటది. గంతే." తూకం వేస్తున్నట్టు నెమ్మదిగా చెప్పాడు. "ఎక్కువ తప్పు గీ ముసురుది. పట్టాలు కట్టి గాలి రాకుండ చేసిండు, గది మీ మామది. నీళ్ళు సుత తేమ పెంచినయ్. గది నీది."

"ఎంత నాది?"

"ఎంతనో నాకు సుత తెల్వదు. కొంచెమే. కాని ఉన్నది."

అంతవరకూ ఎవరూ నాకు అలా చెప్పలేదు. విచిత్రంగా నా ఏడుపు ఆగిపోయింది. కొంచెమే. కానీ ఉంది. దాన్ని ఎక్కడ పట్టుకోవాలో తెలిసినట్టయింది.

"ఫికర్ చెయ్యకు. పోయి పాత గుడ్డలు తే, నీళ్ళు నువ్వే తుడువు" అన్నాడు.

తుడిచాను. మోకాళ్ళ మీద పాక్కుంటూ కారు కిందకు దూరి, చుక్క లేకుండా తుడిచాను. ఆయన పట్టాలు రెండు వైపులా విప్పించాడు. కుంపట్లు రెండు తెప్పించి కారుకు అటూ ఇటూ పెట్టించి, రేకు వెచ్చబడ్డాక వాటిని వీధి చివరిదాకా మోయించాడు. నిప్పూ, రంగును పలచన చేసే థిన్నరూ ఒక్కచోట ఉండకూడదని రెండుసార్లు చెప్పాడు. తన సంచిలో నుంచి నెమ్మదిగా ఆరే రకం థిన్నరు తీసి, మధ్యాహ్నం జల్లు కాస్త తెరిపిచ్చినప్పుడు, ఆ తెల్లటి పొర మీద మంచులా సన్నగా కొట్టాడు. మేమంతా చుట్టూ నిలబడి చూశాం. తెలుపు మెల్లగా కరిగింది. కింద నుంచి నీలం పైకి తేలి వచ్చింది. మామయ్య వెనక్కి తిరిగి భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

పైకప్పు మీద ఒక మూల మాత్రం మసక పూర్తిగా పోలేదు. సోమవారం డాక్టరమ్మ గారు దాన్ని చూసి ఏంటిది అని అడిగారట. వానలో వేశామండీ అని మామయ్య ఉన్నమాట చెప్పాడట. ఆవిడ నవ్వి కారెక్కారు. తొమ్మిదేళ్ళు ఆయన ఆవిడను తీసుకెళ్ళి తీసుకొచ్చాడు. నా నేరాన్ని నీ మీద ఎందుకు వేసుకున్నావని ఆయన్ని ఒకసారి అడిగాను. "చల్లమన్నది నేనే కదమ్మా" అన్నాడు. అది నిజమో, మళ్ళీ నన్ను కాపాడడమో నాకిప్పటికీ తేలలేదు.

కిందటేడు మా చిన్నమ్మాయి బండి మీద స్నేహితురాలిని ఎక్కించుకుని వేగంగా వస్తూ, పంజాగుట్ట ఫ్లైఓవర్ దిగే చోట వాననీళ్ళు నిలిచిన గుంతలో జారిపడింది. తనకేం కాలేదు. వెనక కూర్చున్న పిల్లకు కాలు విరిగింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ, నీ తప్పేం లేదమ్మా, రోడ్డు అలా ఉంది అని ఓదార్చారు. మా అమ్మాయి అన్నం ముట్టలేదు. అందరూ వెళ్ళాక నా దగ్గర కూర్చుని, "అమ్మా, నా వల్లేనా?" అంది.

లేదని చెప్పడం చాలా తేలిక. నాకు నోటిదాకా వచ్చింది. కానీ దాని పక్కన కూర్చుని, గుంత నీది కాదు, వాన నీది కాదు, వేగం మాత్రం నీది అన్నాను. ఎంత అని అడిగింది. నాకూ తెలియదన్నాను. అది చాలాసేపు ఏడ్చింది. తరువాత లేచి ముఖం కడుక్కుని, ఆసుపత్రికి వెళ్దాం, ఆ పిల్లతో మాట్లాడాలి అంది. నేను చెప్పులు వేసుకున్నాను.